బద్ధకమా, అభ్యసన వైకల్యమా? ఇంట్లో చూసుకోవలసినవి, నిపుణులకు వదలవలసినవి

"నోటితో అడిగితే అన్నీ చెబుతాడండీ, రాయమంటేనే చేతులెత్తేస్తాడు." "తెలుగు ఎలాగో లాక్కొస్తుంది, ఇంగ్లిషు పుస్తకం తీస్తే తలనొప్పి అంటుంది." "లెక్కలు తప్ప అన్నిట్లో ముందే." తల్లిదండ్రులు, టీచర్లు అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఈ మూడింటి దగ్గరే ఆగుతాయి. చివర్లో అందరూ అడిగేది ఒక్కటే: ఇది డిస్లెక్సియానా, అంటే చదవడం పట్టుబడని వైకల్యమా?

ఆ ఒక్క వాక్యం విని ఎవరైనా అవునన్నా, కాదన్నా నమ్మకండి. తేల్చేది మార్కులు కాదు, తప్పుల తీరు. ఏ తప్పు, ఏ భాషలో, ఏ పనిలో, ఎంతకాలంగా వస్తోందో కాగితం మీద ఉంటే నిపుణుడి దగ్గర గడిపే సమయానికి విలువ ఉంటుంది. కింద చెప్పినవన్నీ చేస్తే మీ చేతికి వచ్చేది రోగ నిర్ధారణ కాదు, ఒక ఫైలు. నిర్ధారణ అర్హత ఉన్నవారే చేయాలి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. తెలివితేటలు, చూపు, వినికిడి, బడి, బోధన అన్నీ సరిగ్గానే ఉన్నా చదవడం, రాయడం, లెక్కించడంలో ఏదో ఒకటి లేదా రెండు మూడు వయసుకు తగ్గట్టు పట్టుబడకపోతే దాన్ని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇది ఒకటి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- గత రెండు మూడు నెలల నోటు పుస్తకాలు. ఫెయిర్ నోట్సు వద్దు, అది పక్కవాడి పుస్తకం చూసి దింపినదై ఉంటుంది. రఫ్ పుస్తకం, డిక్టేషన్ పుస్తకం, స్లిప్ టెస్టు కాగితాలు కావాలి.
- ఒకటో తరగతి నుంచి ఉన్న ప్రోగ్రెస్ కార్డులు.
- పిల్లవాడి తరగతి తెలుగు, ఇంగ్లిషు వాచకాలు, వాటికి ఒకటి రెండు తరగతుల కిందివి కూడా.
- ఎప్పుడూ చూడని ఒక చిన్న కథ. పాత పిల్లల పత్రిక దొరికితే సరిపోతుంది.
- రికార్డింగు, టైమర్ ఉన్న ఫోను, గీతల కాగితాలు, కొన్ని నాణేలు.
- కళ్ల పరీక్ష, వినికిడి పరీక్ష చీటీలు. లేకపోతే మొదటి మెట్టు అదే.

ఒకే రోజు అన్నీ పెట్టకండి. రోజుకు ఇరవై నిమిషాలు, కడుపు నిండి, నిద్ర తీరిన సమయంలో. ట్యూషన్ నుంచి వచ్చిన వెంటనే కూర్చోబెడితే మీరు కొలిచేది అలసటనే.

1. కన్ను, చెవి, ఒంటి సంగతి ముందు తేల్చండి

కళ్లజోడు అవసరమైన పిల్లవాడికి ఆ విషయం తనకే తెలియదు. బోర్డు అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. బడిలో దూరం నుంచి అక్షరాలు చూపించి పంపేస్తే చాలదు. దగ్గరి చూపు కూడా చూడమని కంటి డాక్టరును అడగండి. చెవిలో తరచూ చీము కారిన పిల్లలకు ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, తప్పనిసరి. ప-బ, త-ద లాంటి శబ్దాల తేడా వినబడకపోతే అది రాతలో తప్పుగానే తేలుతుంది.

చదువుతూ చదువుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి, పిలిచినా పలకకుండా, మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగిస్తే అది పరధ్యానం కాకపోవచ్చు. ఒక రకం మూర్ఛ అలాగే వస్తుంది. ముందు పిల్లల డాక్టరు, ఆ తర్వాతే మిగతావి.

డబ్బు ఇబ్బంది ఉంటే ప్రభుత్వ బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాన్ని అడగండి. 2013లో మొదలైన ఈ పథకం చూసే సమస్యల జాబితాలో అభ్యసన సమస్యలూ ఉన్నాయి. వాళ్లు అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు.

2. బడి చరిత్ర రాయండి

ఒక కాగితం మీద ఏ ఏడు, ఏ బడి, ఏ మాధ్యమం, ఎన్నాళ్లు మానేశాడు అని వరుసగా రాయండి. 2020 మార్చి తర్వాత బడులు మూతపడిన రోజుల్లో ఒకటి రెండు తరగతుల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి గుణింతాలే సరిగ్గా అందలేదు. వాళ్లకు ఉన్నది వైకల్యం కాదు, పాఠం జరగని లోటు.

ఇంటి భాష కూడా రాయండి. ఇంట్లో లంబాడీ, కోయ, గోండి, ఉర్దూ, ఒడియా మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు, దానిపైన ఇంగ్లిషు నేర్చుకుంటారు. అలాంటి పిల్లవాడు మొదటి మూడేళ్లు తడబడితే వెంటనే పేరు పెట్టడం అన్యాయం. అలాగని "భాష సమస్యే" అని పదేళ్లు వచ్చేదాకా వదిలేయడమూ తప్పే. అదే తండా నుంచి, అదే బడికి వచ్చే తోటి పిల్లల కంటే కూడా వెనుకబడ్డాడా అన్నది మీ కొలమానం.

ఈ పరీక్ష సులువు: సమస్య ఇంగ్లిషులోనే ఉండి, తెలుగు చదవడం, రాయడం వయసుకు తగ్గట్టు నడుస్తుంటే ముందు బోధననే అనుమానించండి. రెండు భాషల్లోనూ ఒకే తీరు తడబాటు ఉంటే అనుమానం బలపడుతుంది. ఒక మెలిక మాత్రం ఉంది, అది నాలుగో మెట్టులో చెబుతాను.

3. వయసు చూసుకోండి

ఆరేళ్ల పిల్లవాడు ఇంగ్లిషు బీ, డీలను తిప్పి రాస్తే కంగారు పడకండి, ఏడు దాటేదాకా అది మామూలే. తెలుగులోనూ అంతే. అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిపి వందల రూపాలు. వత్తులు, సంయుక్తాక్షరాలు చేతికి రావడానికి మూడో తరగతి వరకు పట్టడం వింత కాదు. ప-ఫ-ష-వ, థ-ధ-ద, న-స, మ-య లాంటి పోలిక అక్షరాల దగ్గర అందరూ ఒకసారి తడబడతారు.

ఎనిమిదేళ్ల లోపు పేరు పెట్టవద్దు. సాయం మాత్రం ఆపవద్దు. మాటలు ఆలస్యంగా రావడం, వారాల పేర్లు వరుసలో నిలవకపోవడం, ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలు పట్టుకోలేకపోవడం, ఇంట్లో ఎవరికైనా ఇదే ఇబ్బంది ఉండటం కనిపిస్తే కన్నేసి ఉంచండి. ఇది వంశంలో నడిచే అవకాశం ఎక్కువ. "వాళ్ల నాన్నా ఇంతే, పదో తరగతి మూడుసార్లు రాశాడు" అని నవ్వుతూ చెప్పే మాటే నిపుణుడికి పనికొచ్చే సమాచారం.

4. చదివించి చూడండి

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే.

మొదట, చదవడమా, ఒప్పజెప్పడమా తేల్చండి. మన బడుల్లో పాఠం పదిసార్లు పైకి చదివిస్తారు కాబట్టి చురుకైన పిల్లలు దాన్ని కంఠస్థం చేసేస్తారు. గడగడా చదువుతున్నవాడిని ఆపి, పేరా మధ్యలో "గుమ్మం" అనే మాట మీద వేలు పెట్టి ఇదేమిటి అని అడగండి. వాడు వాక్యం మొదటికి వెళ్లి, పెదాలు కదుపుతూ అక్కడిదాకా వచ్చి "గుమ్మం" అంటే చదవడం లేదని అర్థం. ఇంకా అనుమానం ఉంటే ఆఖరి మాట నుంచి వెనక్కి చదవమనండి.

తర్వాత చూడని కథలోంచి సుమారు 100 మాటల ముక్క చదివించి రికార్డు చేయండి. మధ్యలో సరిచేయవద్దు, "ఊఁ" అని కూడా అనవద్దు. పట్టిన సమయం రాయండి. తర్వాత రికార్డింగు వింటూ తప్పులు గుర్తుపెట్టండి: వదిలేసిన మాట, మార్చిన మాట, ఊహించి చెప్పిన మాట ("గుర్రం" బదులు "గుడ్డు"), వరుస దాటిపోవడం. 100 మాటల్లో పదికి మించి తప్పులు వస్తే ఆ ముక్క అతని స్థాయికి మించినది. ఒక తరగతి కిందికి దిగి మళ్లీ చూడండి. ఎక్కడ దిగితే సాఫీగా చదివాడో ఆ తరగతి అంకె రాసుకోండి.

పోలికకు అదే ముక్కను అదే తరగతిలోని ఇద్దరు ముగ్గురు సాధారణ విద్యార్థులతో చదివించండి. ఫస్టు ర్యాంకువాళ్లతో వద్దు, ఒకరి ముందు ఒకరిని అసలే వద్దు.

ఇక ఆ మెలిక. తెలుగు రాసినట్టే పలుకుతుంది, ఇంగ్లిషు అలా కాదు. అందుకని చదువు ఇబ్బంది ఉన్న పిల్లవాడు ఇంగ్లిషులో తప్పులు చదువుతాడు, తెలుగులో తప్పులు తక్కువే అయినా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నత్తనడకన చదువుతాడు. "తెలుగులో తప్పులేమీ లేవు" అని సంతోషించకుండా టైమరు చూడండి. ఐదో తరగతిలోనూ "పు...స్త...కం" అని విడగొట్టుకుంటుంటే వేగమే మీ ఆధారం.

మూడో పరీక్ష, అర్థంలేని మాటలు. కాగితం మీద "లోగిప, ముడ్కె, తిసారు, బెర్నుడ" లాంటివి పది రాసి చదివించండి. అలవాటైన మాటలను బొమ్మలా గుర్తుపట్టి నెట్టుకొచ్చే పిల్లలు ఇక్కడ దొరికిపోతారు. నోటితో కూడా అడగండి: "చిలుకలో చి తీసేస్తే?" "పిల్లిలో మొదటి శబ్దం బదులు బ్ పెడితే?" ఎనిమిదేళ్ల పిల్లలు ఇది ఆటలా చేస్తారు. శబ్దాలను విడదీయలేకపోవడం డిస్లెక్సియాకు ముఖ్యమైన గుర్తు.

చివరిది, చాలామంది మరచిపోయేది. అంతే కష్టం ఉన్న మరో కథను మీరే చదివి వినిపించి ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు చక్కగా జవాబులు చెప్పి, తానే చదివినప్పుడు చెప్పలేకపోతే సమస్య చదవడంలో ఉంది. విన్నా చెప్పలేకపోతే దారి వేరు: భాషా ఎదుగుదల, మేధో స్థాయి, ఏకాగ్రత చూడాలి.

5. మూడు రకాలుగా రాయించండి

ఒకే పొడవు ఉన్న మూడు ముక్కలు: ఒకటి చూసి రాత, ఒకటి డిక్టేషన్, ఒకటి సొంతంగా ("నిన్న ఏం చేశావు?"). మూడూ పక్కపక్కన పెట్టండి.

మూడో తరగతి దాటిన పిల్లవాడు ఇలా రాశాడనుకోండి: "నిన మా అమమ ఇటికి వెలాము." వాడు చెప్పాలనుకున్నది "నిన్న మా అమ్మమ్మ ఇంటికి వెళ్లాము" అని. అక్షరాలు గుండ్రంగా, గీత మీదే ఉన్నాయి. పోయినవి వత్తులు, సున్నాలు, అదీ ప్రతిచోటా. అదే వాక్యం బోర్డు మీద చూసి రాస్తే ఒక్క తప్పూ ఉండదు. ఇది చేతి సమస్య కాదు, శబ్దాన్ని అక్షరంగా మార్చే చోట వచ్చిన ఇబ్బంది. డిస్లెక్సియాతో కలిసి వచ్చే రాత ఇదే.

ఇంకొకడు చూసి రాసినా అక్షరాలు గీతలు దాటతాయి, మాటల మధ్య ఎడం ఉండదు, పెన్సిలు ఎంత గట్టిగా నొక్కుతాడంటే వెనక పేజీలో వేలితో తడిమి చదవచ్చు. నాలుగు వరుసలకే చెయ్యి విదిలిస్తాడు. నోటితో అక్షరాలు అడిగితే సరిగ్గా చెబుతాడు. ఇది చేతి కదలికలకు సంబంధించిన డిస్గ్రాఫియా వైపు చూపుతుంది. వృత్తి చికిత్సకులకు, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టులకు చూపించాలి. చొక్కా గుండీలు, బూట్ల లేసులు, బంతి పట్టుకోవడం కూడా కష్టమైతే డిస్ప్రాక్సియా, అంటే ఒంటి కదలికలు కుదరని ఇబ్బంది, ఉందేమో అడగండి.

మూడో రకం: స్పెల్లింగు సరే, దస్తూరీ సరే, కానీ పావుగంట చెప్పగల కథ కాగితం మీద రెండు వాక్యాలకు కుంచించుకుపోతుంది. ఇది రాతలో భావాన్ని పేర్చే ఇబ్బంది. పెద్ద తరగతుల్లో, అంటే వ్యాసరూప జవాబులు మొదలయ్యాకే బయటపడుతుంది.

హెచ్చరిక: దస్తూరీ బాగా లేకపోవడం ఒక్కటే డిస్గ్రాఫియా కాదు. మన ఇళ్లలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. దస్తూరీ మెరుగుపరిచే క్లాసుకు పంపితే డిస్లెక్సియా తగ్గుతుందన్న నమ్మకం కూడా అంతే ఎక్కువ.

6. లెక్కలు

ఎక్కాలు రాకపోవడాన్ని బట్టి నిర్ణయించవద్దు. ఎక్కాలు జ్ఞాపకం, లెక్క అవగాహన. ఈ నాలుగు చూడండి:

- అంకెలు చెప్పి రాయించండి. "వెయ్యి మూడు" అంటే 10003 అని రాస్తున్నాడా? స్థాన విలువ ఇంకా పట్టుబడలేదు.
- 52 నుంచి 17 తీసేయమనండి. 45 వస్తే ప్రతి గడిలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తున్నాడు. చాలామంది పిల్లలు చేసే తప్పే ఇది, నేర్పితే పోతుంది. నేర్పిన వారానికి మళ్లీ వస్తే రాసుకోండి.
- ఏడు గింజలు, తొమ్మిది గింజలు పక్కపక్కన పోసి ఏది ఎక్కువో లెక్కపెట్టకుండా చెప్పమనండి. నాలుగో తరగతిలో 8+5 ను కూడా ప్రతిసారీ ఒకటి నుంచి వేళ్ల మీద లెక్కిస్తున్నాడా చూడండి.
- నాణేలిచ్చి దుకాణం ఆట ఆడండి, గడియారం చూపించి ఇంకో ఇరవై నిమిషాలకు ఎంతవుతుందో అడగండి.

రాత లెక్కలను, అంటే "రాముడి దగ్గర 24 మామిడి పండ్లు" తరహావి, మీరే చదివి వినిపించండి. వినగానే చేసేస్తే అది డిస్కాల్కులియా, అంటే లెక్కల వైకల్యం, కాదు, చదవలేక లెక్క తప్పుతున్నాడు. అంకెలు చూడగానే చెమటలు పట్టే పిల్లలు వేరే. టీచరు కొడతారన్న భయం పోగానే వాళ్ల లెక్క దారిలో పడుతుంది.

7. ఆరు నెలలు నేర్పి మళ్లీ కొలవండి

అమెరికా మానసిక వైద్యుల 2013 నాటి నిర్ధారణ ప్రమాణాల్లో ఇది స్పష్టంగా ఉంది: తగిన సాయం అందించినా కనీసం ఆరు నెలలపాటు ఇబ్బంది కొనసాగాలి. కాబట్టి రోజుకు అరగంట, అతని అసలు స్థాయి నుంచి, తరగతి స్థాయి నుంచి కాదు, ఒక్కో వత్తు, ఒక్కో శబ్దం చొప్పున నేర్పించండి. ఇసుకలో రాయడం, అక్షరం చెబుతూ రాయడం, వత్తుల కార్డులు. సర్కారు బడి పిల్లలకు మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం అడగవచ్చు. టీచర్లయితే ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన ప్రశస్త్ యాప్‌లోని చెక్‌లిస్టు నింపవచ్చు. అది వడపోతకు మాత్రమే, పేరు పెట్టడానికి కాదు.

నెలకోసారి అదే కష్టం ఉన్న కొత్త ముక్కతో వేగం, తప్పులు కొలిచి తేదీ వేయండి. బాగా ఎగబాకితే లోటు బోధనది. చాలా కొద్దిగానే కదిలితే ఆ కాగితమే మీ బలమైన ఆధారం. పిల్లవాడు దిగాలుపడిపోతున్నా, బడి మానేస్తానంటున్నా ఆరు నెలలు ఆగవద్దు, సాయం ఇస్తూనే నిపుణుడి దగ్గరకు వెళ్లండి.

8. ఏ రకమో ముందుగా ఊహించండి

వినడంలో మేలు, చదవడంలో తడబాటు, శబ్దాల ఆటలో వైఫల్యం, డిక్టేషన్‌లో వత్తుల లోటు కలిస్తే చదివే రకం. చూసి రాసినా అవస్థ పడితే చేతి రాత రకం. వినిపించినా లెక్క కుదరకపోతే లెక్కల రకం. రెండు మూడు కలిసి ఉండటం చాలా మామూలు. ఒకదాన్ని ఎంచుకోమని ఎవరూ మిమ్మల్ని అడగరు. కుదురు, ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ అనే సమస్య కూడా తరచూ జంటగా ఉంటుంది. ఆటలో, భోజనం దగ్గర, టీవీ ముందు కూడా కుదురు లేకపోతే ఆ కోణం చూడమనండి. పుస్తకం ముందు మాత్రమే లేకపోతే అది చదవలేని బాధ కావచ్చు.

అన్ని పనుల్లో, అన్ని సబ్జెక్టుల్లో, ఇంటి వ్యవహారాల్లో కూడా సమానంగా వెనుకబడితే అది నిర్దిష్ట వైకల్యం కాదు. మేధో వైకల్యమో, తెలివితేటలు దాని సరిహద్దు స్థాయిలో ఉన్నాయో చూడాలి. దివ్యాంగుల చట్టం ఈ వైకల్యం కింద చెప్పిన జాబితాలో డిస్ప్రాక్సియా, డెవలప్‌మెంటల్ అఫేషియా (భాష ఎదుగుదలలో ఇబ్బంది) కూడా ఉన్నాయి. డాక్టర్ల వర్గీకరణలో అవి వేరే గదుల్లో ఉంటాయి. రెండు కాగితాల్లో రెండు పేర్లు కనిపిస్తే గాభరా పడకండి.

9. నిపుణుడి దగ్గరకు

చూడవలసినవారు: పిల్లల డాక్టరు, క్లినికల్ లేదా పునరావాస సైకాలజిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయులు. సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మొహమాటపడకుండా అడగండి, రిపోర్టు మీద అది లేకపోతే ఎక్కడా చెల్లదు. ప్రభుత్వ సంస్థల్లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ), ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ మానసిక ఆసుపత్రి, దూరం ఫరవాలేదంటే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్హాన్స్ ఉన్నాయి. వెళ్లే ముందు ఈ పరీక్షలు ఏ రోజు చేస్తారో ఫోనులో కనుక్కోండి.

సాధారణంగా ఒక తెలివితేటల పరీక్ష (బినే-కామత్, మాలిన్ స్కేలు, వెక్స్‌లర్ లాంటివి), ఆ తర్వాత నిమ్హాన్స్ బ్యాటరీ, అంటే ఆ సంస్థ తయారుచేసిన అభ్యసన పరీక్షల వరుస, పెడతారు. ఆ బ్యాటరీలో 5-7 ఏళ్లకు ఒక స్థాయి, 8-12 ఏళ్లకు ఒక స్థాయి ఉన్నాయి. తెలుగు మాధ్యమం పిల్లవాడిని ఇంగ్లిషులో మాత్రమే పరీక్షించి రిపోర్టు ఇస్తే ఒప్పుకోకండి. మీ ఫైలు తీసి తెలుగు నమూనాలు చూడమనండి.

సర్టిఫికెట్ కావాలంటే ప్రభుత్వ వైద్య బోర్డు ఇవ్వాలి. మన రాష్ట్రాల్లో ఏళ్లుగా సదరం శిబిరాల ద్వారా నడిచింది, దేశమంతటికీ యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉంది. 2018 జనవరి మార్గదర్శకాల్లో ఐక్యూ 85 దాటితేనే నిమ్హాన్స్ బ్యాటరీకి వెళ్లాలని, 8, 14, 18 ఏళ్లకు సర్టిఫికెట్ చేయించాలని, 18 ఏళ్లప్పుడు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుందని ఉంది. 2024 మార్చిలో మార్గదర్శకాలను సవరించారు కాబట్టి ప్రస్తుత నియమం ఏమిటో బోర్డు కార్యాలయంలో అడిగే వెళ్లండి.

రిపోర్టు చేతికొచ్చాక సరిచూసుకోవడం

మంచి రిపోర్టులో ఇవి ఉంటాయి: ఏ తేదీన, ఏ భాషలో, ఏ పరీక్ష పెట్టారు, చదవడం, రాయడం, లెక్కలు ఏ తరగతి స్థాయిలో ఉన్నాయి, చూపు, వినికిడి సరే అన్న నోటు, తీవ్రత ఎంత, ఇంట్లో, బడిలో ఏం చేయాలి. "డిస్లెక్సియా ఉంది" అన్న ఒక్క వాక్యం, కింద సంతకం మాత్రమే ఉంటే అది రిపోర్టు కాదు. మీ కొలతలు చూపిన తరగతి స్థాయికి, వాళ్ల అంకెకు రెండు తరగతుల తేడా ఉంటే కారణం అడగండి. ఆ రోజు పిల్లవాడికి జ్వరమేమో, కొత్త మనిషి ముందు బిగుసుకుపోయాడేమో.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికంటే ఖరీదైనది ఎదురుచూపు: "పెద్దయ్యాక అదే వస్తుంది." రెండోది ఇల్లు మారినట్టు బడులు మార్చడం. ప్రతి మార్పుతో మాధ్యమం, సిలబస్ మారి అసలు సమస్య కొత్త సమస్యల కింద దాక్కుంటుంది. మూడోది బజారు వైద్యం. వేలిముద్రలు చూసి తెలివితేటలు చెప్పేవాళ్లకు, కళ్లకు గంతలు కట్టి "మిడ్‌బ్రెయిన్" తెరిపిస్తామనేవాళ్లకు శాస్త్రీయ ఆధారం లేదు. డిస్లెక్సియాను పోగొట్టే మాత్ర కూడా లేదు. రంగు అద్దాల జోడు కొనే డబ్బు ప్రత్యేక ఉపాధ్యాయుడికి ఇవ్వండి.

ఆడపిల్లల విషయంలో మరో తప్పు. అల్లరి చేసే అబ్బాయిని టీచరు పరీక్షకు పంపుతారు. వెనక బెంచీలో నోరు మెదపకుండా, అందంగా చూసి రాసే అమ్మాయి ఏడో తరగతిదాకా ఎవరి కంటా పడదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, రెండు భాషలు డిస్లెక్సియాను తెచ్చిపెట్టవు. అమెరికాలో ప్రభుత్వ బడిని పరీక్ష కోసం రాతపూర్వకంగా అడిగే హక్కు ఉంది, ఖర్చు బడిదే. మీరు సమ్మతి ఇచ్చాక, రాష్ట్రం వేరే గడువు పెట్టుకోకపోతే 60 రోజుల్లో పూర్తిచేయాలి.

పెద్దవాళ్ల సంగతి

ముప్పై ఏళ్ల వయసులో "నాకూ ఇదే ఉందేమో" అని అడిగేవారు ఎక్కువవుతున్నారు, చాలాసార్లు తమ పిల్లవాడి రిపోర్టు చూశాకే. గుర్తులు వేరుగా ఉంటాయి: బ్యాంకు ఫారం ఎవరో ఒకరితో నింపించుకోవడం, మెసేజి టైపు చేయకుండా ఎప్పుడూ వాయిస్ పంపడం, ఒకే పేరా మూడుసార్లు చదవడం, ఫోను నంబరులో అంకెలు తారుమారు కావడం, కుడి ఎడమల తికమక, ఆఫీసులో మాటతో మెప్పించి ఈమెయిలు దగ్గర నీరుగారిపోవడం.

మీ పనులు మూడు. పాత మార్కుల మెమోలు, దొరికితే చిన్నప్పటి నోటుపుస్తకం వెతకండి. అమ్మనో, అన్ననో, పాత మాస్టారినో అడిగి చిన్నతనం నుంచే ఉందా రాసుకోండి. నాలుగు, ఐదు మెట్లలోని పరీక్షలను వార్తాపత్రికతో చేసి, అంతే చదువుకున్న స్నేహితుడి వేగంతో పోల్చండి. చిన్నప్పుడు లేకుండా ఈ మధ్యే మొదలైతే అది అభ్యసన వైకల్యం కాదు. ఉన్నట్టుండి చదవలేకపోవడం, మాట తడబడటం పక్షవాతం లక్షణం కావచ్చు, అది ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లవలసిన విషయం.

నిమ్హాన్స్ బ్యాటరీ పిల్లల కోసం తయారైనది కాబట్టి పెద్దవాళ్లకు ఏ పరీక్ష వాడతారో సైకాలజిస్టును ముందే అడగండి. కుంగుబాటు, ఆందోళన ఉన్నాయేమో కూడా చూడమనండి. వాటివల్లా చదివింది బుర్రకెక్కదు.

సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే దివ్యాంగుల హక్కుల చట్టం 32వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల కోటాలో పోటీపడవచ్చు. 34వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతంలో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం తదితరాలతో కలిసి పంచుకోవాలి. పరీక్షల్లో అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదని 2018 ఆగస్టు మార్గదర్శకాలు చెప్పాయి. సీబీఎస్ఈ కూడా మూడు గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తుంది. 40 శాతం లేనివారికి దారి మూసుకుపోలేదు. రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే జబ్బుతో (రైటర్స్ క్రాంప్) రాయలేని సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, స్క్రైబ్‌ను, అంటే చెబితే రాసిపెట్టే సహాయకుడిని, ఇవ్వడానికి 40 శాతం షరతు పెట్టకూడదని చెప్పింది.

పదో తరగతి విద్యార్థులైతే నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపకముందే ప్రధానోపాధ్యాయుడికి సర్టిఫికెట్ నకలు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పోటీ పరీక్షలైతే ఆన్‌లైన్ దరఖాస్తులో వైకల్యం గడి, స్క్రైబ్ గడి రెండూ నింపి ప్రింటు దాచుకోండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే హాల్ టికెట్ వచ్చాక ఎంత బతిమాలినా పని జరగదు.